శుక్రవారం బౌలరు

కువైట్‌లో ఇరవై రెండేళ్ళు ఉండి నేను నెగ్గిన బేరాలు చాలా ఉన్నాయి. వాటన్నిటిలో గొప్పది ఏదని అడిగితే తడుముకోకుండా చెబుతాను: క్రికెట్ మైదానం అద్దె జట్టుకు యాభై దినార్లని లీగువాళ్ళు తేల్చి చెప్పాక, మిగతావాళ్ళు నోరు మూసుకుని కట్టిన చోట, నేనొక్కణ్ణే దాన్ని ఇరవై ఐదుకు దించాను. దించడమే కాదు, వాళ్ళ చేతనే చాయ్ తెప్పించుకుని తాగి, మూతి తుడుచుకుని మరీ వచ్చాను. ఆ మధ్యాహ్నం రిగ్గై వీధుల్లో నా నడక చూసినవాళ్ళు వీడికేదో లాటరీ తగిలిందనుకుని ఉంటారు.

ఆ సంగతి మొన్న మా వియ్యంకుడి వల్ల గుర్తొచ్చింది. ప్రొద్దుటూరులో మా ఇంటికొచ్చినప్పుడల్లా కాఫీ చల్లారేదాకా ఫోను చూడటం ఆయన అలవాటు. ఎక్కడో బేస్‌బాల్ అనే ఆటలో జట్లు ఆటగాళ్ళ మీద కోట్లు గుమ్మరిస్తున్నాయనీ, ఆటల తేదీలు ముందుకీ వెనక్కీ జరిపారనీ, ఈ రెండింటివల్లా ఎవరు బాగుపడతారో ఎవరు చెడిపోతారో తెలిసినవాళ్ళు తర్జనభర్జన పడుతున్నారనీ చదివి వినిపించి, మీరేమంటారు బావగారూ అని అడిగాడు. బేస్‌బాల్‌లో బ్యాటు గుండ్రంగా ఉంటుందన్నది తప్ప నాకేమీ తెలియదు. నేనడిగింది ఒక్కటే, ఆ తేదీలు మార్చిన కాగితం మీద సంతకం ఎవరిదని. ఆయన కప్పు కింద పెట్టి నవ్వాడు. నేనూ నవ్వాను గానీ నా నవ్వు ఆయన నవ్వంత తేలిగ్గా రాలేదు. ఎందుకంటే కువైట్‌లో మా క్రికెట్ లీగుకు కార్యదర్శి ఆయనే, నేను జీవితంలో అందరికన్నా ఎక్కువగా అనుమానించిన మనిషీ ఆయనే. మా అమ్మాయి ఆ ఇంటి కోడలవుతుందని అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే, చెప్పినవాణ్ణి కూడా అనుమానించి ఉండేవాణ్ణి.

అనుమానం మా ఇంటి విద్య. మా నాయనకు ప్రొద్దుటూరు బజారులో పప్పులూ బెల్లమూ అమ్మే అంగడి ఉండేది. తూకం వేసేటప్పుడు ముల్లును చూసేవాడు అమాయకుడు, వేసేవాడి చిటికెన వేలును చూసేవాడు తెలివైనవాడు అని ఆయన నాకు పలక మీద అక్షరాలకంటే ముందు నేర్పించాడు. పక్క అంగడి మా పెదనాయనది. ఆయన మా నాయన చిటికెన వేలును చూస్తూ కూర్చునేవాడు. అలాంటి చోట పెరిగి, యుద్ధం ముగిసి కువైట్ మళ్ళీ తలుపులు తెరుచుకుంటున్న రోజుల్లో అక్కడికి వెళ్ళి, కొన్నాళ్ళు బస్తాలు మోసి, చివరకు కఫీల్, అంటే వీసా ఇచ్చిన అక్కడి యజమాని, పేరు మీద రిగ్గైలో ఒక బకాలా నడిపే స్థితికి వచ్చాను. బకాలా అంటే మన చిల్లర అంగడే. బోర్డు అరబ్బీలో ఉంటుంది, అప్పు తెలుగులో ఉంటుంది.

ఆ రోజుల్లో అక్కడ ఉన్నవాళ్ళకు శుక్రవారం అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. తెల్లవారుతూనే ఊరి చివర ఇసుకలో సిమెంటు పట్టీ మీద కొబ్బరిపీచు చాప పరిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, ఎండ ముదిరేలోగా ఆట ముగించేవాళ్ళం. మేమంటే వాళ్ళు. నేను బంతి పట్టింది లేదు, బ్యాటు పట్టింది లేదు. సంచీ మోసేవాణ్ణి, పరుగులు రాసేవాణ్ణి, ఎదుటి జట్టు పరుగులు రాసేవాడి చిటికెన వేలును చూసేవాణ్ణి. మా బకాలా పేరు మీదే రిగ్గై జట్టు. నా దగ్గరే పని చేసే మా బామ్మర్ది దానికి కెప్టెన్. తలా ఇంత వేసుకుని బంతులు కొనేవాళ్ళం, గెలిచినా ఓడినా ఆట తర్వాత సమోసాలు.

ఆ సమోసాల కాలాన్ని చెడగొట్టింది అర్దియాలో టైర్ల షాపు పెట్టిన పెద్దమనిషి. మా కడప జిల్లావాడే, ఏదో దూరపు చుట్టరికం కలిపి నన్ను బావా అని పిలిచేవాడు. ఒక ఏడు హఠాత్తుగా వేరే జట్లనుంచి ముగ్గురిని లాక్కుని, వాళ్ళకు తన షాపులో ఉద్యోగాలిచ్చి, ఇఖామాలు, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతులు, తన పేరు మీదికి మార్పించుకుని, వీపు మీద పేర్లు రాయించిన రంగు చొక్కాలు తొడిగించాడు. ఆ ముగ్గురిలో ఇద్దరికి స్పానరు ఏ చేత్తో పట్టాలో కూడా తెలియదని అర్దియా అంతా నవ్వుకునేది. కప్పు మాత్రం వాళ్ళే తీసుకుపోయారు.

నేనూ ఊరుకోదలచలేదు. అయితే అంగడివాడి కొడుకును కదా, అందరూ ఎగబడే సరుకు జోలికి పోకుండా, ఎవరి కళ్ళూ పడని సరుకు కోసం వెతికాను. అది నా ఇంట్లోనే ఉంది. మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు, రాయచోటి దగ్గరివాడు, మిష్రిఫ్‌లో ఒక విల్లాకు డ్రైవరు. పరిగెత్తుకొస్తుంటే బస్సు తప్పిపోతున్నవాడిలా ఉండేవాడు గానీ, చేతిలోంచి బంతి వదిలాక బ్యాటు పట్టినవాడికి స్టంపులు పడిన చప్పుడు వినడం తప్ప పని ఉండేది కాదు. ఇంటి డ్రైవరుకు వారానికి ఒక్క శుక్రవారమే సెలవు, అదీ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలి, దయ ఉంటేనే, కాబట్టి అలాంటివాణ్ణి ఎవరూ కొనరు. మూల నొక్కుకుపోయిన డబ్బాలో కూడా నూనె మంచిదే కదా, సగం ధరకొస్తుంది కదా అన్నది నా లెక్క. ఆటలన్నీ శుక్రవారమే అయినప్పుడు శుక్రవారం మాత్రమే దొరికే మనిషికి లోటేమిటి?

మ్యాచుకు అయిదు దినార్లు, ఫైనలు దాకా వెళితే పదమూడు మ్యాచులు, మొత్తం అరవై ఐదు. ముందే మొత్తం చేతిలో పెడితే ఎంతకిస్తావని అడిగాను. ఊళ్ళో వాడి ఇంటి పైకప్పుకు స్లాబు వేయాల్సి ఉందని నాకు తెలుసు. యాభైకి ఒప్పుకున్నాడు. టైర్ల షాపు పెద్దమనిషికి ఈ కబురు తెలిసి, బావ శుక్రవారం బౌలరును కొన్నాడంట, మిగతా ఆరు రోజులకు యాడ తెచ్చుకుంటాడో అని నలుగురిలో అన్నాడట. ఏడుపుగొట్టు మాట అనుకున్నాను.

ఇక్కడ మా తమ్ముడి శుక్రవారం సంగతి కొంచెం చెప్పాలి. వాడి భార్య, నా మరదలు, కూడా కువైట్‌లోనే పని. అర్దియాలో ఒక ముసలమ్మను చూసుకునేది. ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నారన్నమాటే గానీ రెండు ఇళ్ళు, ఇద్దరు కఫీళ్ళు. శుక్రవారం ముసలమ్మ కూతుళ్ళు వస్తారు కాబట్టి మరదలికి పన్నెండు నుంచి చీకటిపడేదాకా విడుపు. తమ్ముడు పొద్దున ఆడి మా ఇంటికొచ్చి స్నానం చేసేవాడు, ఆమె పన్నెండింటికి వచ్చేది, మా ఆవిడ అన్నం పెట్టేది. తర్వాత గ్యాసు బండలూ ఉల్లిపాయల బస్తాలూ ఉండే మా వెనక బాల్కనీలో చాప వేసుకుని కూర్చునేవాళ్ళు. బావను కాబట్టి మరదలు నా ఎదుట గట్టిగా మాట్లాడేది కాదు గానీ, ఆ బాల్కనీలోంచి నవ్వులు వినిపించేవి. ఏం మాట్లాడుకుంటారే అంతసేపు అని మా ఆవిడను అడిగితే, మనం మాట్లాడుకోనివన్నీ అని చెప్పింది.

ఇంతలో సర్కారు వారాంతపు సెలవులు మార్చింది. అదివరకు ఆఫీసులకు గురువారం, శుక్రవారం సెలవులుండేవి, అవి శుక్రవారం, శనివారమయ్యాయి. అంగళ్ళవాళ్ళకూ, డ్రైవర్లకూ, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకూ ఇందులో మారిందేమీ లేదు. కానీ ఆఫీసు జట్లు శనివారం కూడా ఆడతామన్నాయి, శుక్రవారం మైదానం చాలడం లేదని లీగు అంది, శనివారానికి ఒప్పుకున్న జట్లకు అద్దెలో పది దినార్లు తగ్గిస్తామని ప్రకటించింది. పది అనే మాట వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పది ఇచ్చేవాడి దగ్గర ఇరవై ఉంటుంది, ఇరవై ఉన్నవాడి దగ్గర ఇరవై ఐదు ఉంటుంది. గంటన్నర కూర్చుని సగానికి సగం దించాను. కాగితం మీద సంతకం పెట్టాను, చాయ్ తాగాను. ఆ సంబరంలో నా శుక్రవారం బౌలరు నాకు తట్టనే లేదంటే మీరు నమ్మాలి.

రెండు వారాల తర్వాత ఆటల పట్టిక వచ్చింది. పదకొండు లీగు మ్యాచుల్లో మాకు పదకొండూ శనివారమే. నా కళ్ళ ముందు టైర్ల షాపు పెద్దమనిషి చిటికెన వేలు కదిలింది. వాడు మా బౌలరును ఆపలేక రోజులనే కొనేశాడు అని మా బామ్మర్దితో అన్నాను. వాడి షాపు శనివారం తెరిచి ఉన్నా, యజమాని వాడే కాబట్టి వాడి ఆటగాళ్ళకు సెలవు వాడే ఇచ్చుకుంటాడు, డబ్బున్నవాడికి క్యాలెండరు కూడా జీతగాడే. ఈ మాటలన్నీ దారిపొడుగునా కూడబలుక్కుని కార్యదర్శి గదికి వెళ్ళి, ఎంత ముట్టిందని అడగబోయేంతలో, ఆయన, అంటే ఇప్పటి మా వియ్యంకుడు, గోదావరి మర్యాదతో ఫైలు తెరిచి నా ముందు పెట్టాడు.

"ఈ సంతకం తమరిదేనాండీ?"

సగం అద్దెకు శనివారాలన్నిటికీ ఒప్పుకుంటూ చాయ్ తాగి నేను పెట్టిన సంతకమే. మా నాయన నాకు అందరి వేళ్ళూ చూడమన్నాడు గానీ నా వేళ్ళు చూసుకోమనలేదు.

అయినా బేరం వెనక్కి తీసుకునే అలవాటు మాకు లేదు. మా తమ్ముడితో, మామాను అడిగి శుక్రవారానికి బదులు శనివారం సెలవు పెట్టించుకోమన్నాను. వాడు, దుడ్డు తీసుకున్నా గదా అన్నాడు. అంతే. మరదలి మాట నాకు తెలియక కాదు. ఆమె కూడా మార్చుకుంటుందిలే అనుకున్నాను. ముసలమ్మ కూతుళ్ళు శుక్రవారమే వస్తారని, మార్చడం ఆమె చేతిలో లేదని, అడిగి ఉంటే తెలిసేది. అడగలేదు. మామా మాత్రం, యల్లా శనివారమే వెళ్ళు, ఇక శుక్రవారం ఊసు ఎత్తావంటే ఖలాస్ అందట.

వాడు శనివారాలు వస్తుంటే మేము గెలుస్తూ పోయాం. ఇంట్లో మాత్రం ఒక వింత జరగడం మొదలైంది. శుక్రవారం సాయంత్రం ఫ్రిజ్ తెరిస్తే మూడు గిన్నెల స్టీలు క్యారియరు ఒకటి కనిపించేది. శనివారం సాయంత్రానికి అది కడిగి బోర్లించి ఉండేది. మరుసటి శుక్రవారం మళ్ళీ నిండుగా ఉండేది. బకాలా నుంచి వచ్చిన బాస్మతి ఎవరి ఇంటికో తరలిపోతోందని నాకు అనుమానం తగిలింది. మూత తీసి చూశాను. రాగిసంకటి, చెనక్కాయల పచ్చడి, అడుగున ఎర్రగా వేయించిన మాంసం. ఎవరిదే ఇది అని మా ఆవిడను నిలదీశాను.

"మన బియ్యం కాదులే, భయపడాకు" అని, క్యారియరు నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టింది.

అప్పుడైనా అర్థం కావాలి. మరదలు శుక్రవారం వచ్చి, మా వంటింట్లో వండి పెట్టి వెళుతోందనీ, తమ్ముడు శనివారం వచ్చి తిని, కడిగి పెట్టి వెళుతున్నాడనీ, ఆ మొగుడూపెళ్ళాల మధ్య నడుస్తున్నది ఇక ఆ మూడు గిన్నెలేననీ. అర్థం కాలేదని చెబితే అబద్ధం. పట్టిక గోడకు అంటించి ఉంది, దాని వైపు చూశాను.

సెమీఫైనలు టైర్ల షాపు జట్టుతోనే పడింది. ఆ శనివారం దుమ్ము తుఫాను లేచి ఎదుటి మనిషి కనిపించలేదు. ఆటను తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మార్చారు. పన్నెండు వారాలు శనివారానికి అలవాటుపడి, సరిగ్గా మా తమ్ముడికి శుక్రవారం లేని సమయంలో ఆట శుక్రవారానికి వచ్చింది. తమ్ముడు మామాను బతిమాలి ఒక్క శుక్రవారం తెచ్చుకున్నానని ఫోను చేశాడు. నేను మా ఆవిడతో స్వీటు చేయమన్నాను.

కానీ ఆ సోమవారం మా బామ్మర్ది సరుకు వేయడానికి అర్దియా వెళ్ళి, నల్లబడిన మొహంతో వచ్చాడు. టైర్ల షాపు ముందు మామా కారు ఆగి ఉందట, మా తమ్ముడు అక్కడ చాయ్ తాగుతూ ఆ పెద్దమనిషితో నవ్వుతూ మాట్లాడుతున్నాడట, ఇలా కనబడటం ఇదే మొదటిసారి కాదని పక్క షాపువాళ్ళు చెప్పారట. పంక్చరేమోలే అని మా ఆవిడ అడ్డం వచ్చింది. మిష్రిఫ్ నుంచి పంక్చరు వేయించుకోవడానికి అర్దియా దాకా ఎవడొస్తాడని నేను అడిగాను. ఇప్పటికీ అది మంచి ప్రశ్నే అంటాను. జవాబు కోసం ఆగకపోవడమే తప్పు.

శుక్రవారం రెండయింది, రెండున్నర అయింది. తమ్ముడు రాలేదు, ఫోను ఎత్తలేదు. మా బంతులను వాళ్ళు నలువైపులా కొడుతుంటే టైర్ల షాపు పెద్దమనిషి నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడి, "ఏం బావా, నీ శుక్రారం బౌలరు ఈ శుక్రారం యాడున్నాడు?" అన్నాడు. దొంగే వచ్చి దొంగతనం గురించి అడిగినట్టు తోచింది నాకు. ఆట పూర్తికాకుండానే పరుగుల పుస్తకం మూసి బయలుదేరాను. దారిలో మా తమ్ముడికి ఎంత ముట్టి ఉంటుందో వందతో మొదలుపెట్టి, ఇల్లు చేరేసరికి రెండు వందల దాకా పెంచాను.

గుమ్మంలో వాడి చెప్పులున్నాయి. పక్కన ఆడవాళ్ళ చెప్పులు, చిన్నవి. వెనక బాల్కనీలో ఉల్లిపాయల బస్తా పక్కన చాప మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు, మధ్యలో ఆ మూడు గిన్నెలూ విప్పి ఉన్నాయి. నన్ను చూసి మరదలు లేచి పైట సర్దుకుంది. వాడు లేవలేదు. అన్నను చూసి వాడు లేవకపోవడం అదే మొదటిసారి. ఎంతిచ్చాడు టైర్లవాడు అని అడిగాను.

వాడు చేయి కడుక్కుని, తాపీగా చెప్పాడు.

"మామా ఇచ్చింది ఒక్క శుక్రారమేనన్నా. పన్నెండు వారాలైంది దీని మొగం చూసి. దాన్ని బంతికియ్యల్లా, దీనికియ్యల్లా, నువ్వే చెప్పు."

అర్దియాలో నీకేం పని అన్నాను, అప్పటికే గొంతు తగ్గింది. ఈసారి వాడు కాదు, నాతో ఎప్పుడూ మాట్లాడని మరదలు, గోడ వైపు తిరిగి చెప్పింది. టైర్ల షాపు ఎదురు సందులోనే ఆమె పనిచేసే ఇల్లు. పొద్దున పదింటికి చెత్తసంచీ డబ్బాలో వేయడానికి గేటు బయటికి వస్తుంది. మీ తమ్ముడు మిష్రిఫ్‌లోనే టైరు గాలి కొంచెం తనే తీసేసి, పంక్చరని మామాకు చెప్పి, అంత దూరం తోలుకొని వస్తాడు బావా, రోడ్డుకు ఆ పక్కనుంచి చూసి పోతాడు, అంది. పన్నెండు వారాల్లో అయిదు పంక్చర్లు. అంటే వాళ్ళు మొహాలు చూసుకోలేదని కాదు, రోడ్డుకు అటూ ఇటూ చూసుకున్నారు. దాన్ని చూడటం కింద వాడు జమ వేసుకోలేదు, అంతే.

వాడు జేబులోంచి అయిదు దినార్ల నోటు తీసి ఫ్రిజ్ మీద పెట్టాడు, ఆడని మ్యాచుకు. మా ఆవిడ నన్నే చూస్తోంది. వద్దులేరా అని నేను అని ఉంటే ఈ కథ మర్యాదగా ముగిసేది. నోటు తీసుకుని జేబులో పెట్టుకున్నాను. వేళ్ళు వాటంతటవే వెళ్ళాయి, అంగడిలో పెరిగిన వేళ్ళు.

తర్వాతి వారం కొత్తగా దిగిన మామిడిపండ్ల పెట్టె ఒకటి పట్టుకుని మిష్రిఫ్ వెళ్ళి, ఆ విల్లా గేటు దగ్గర నిలబడి, మా తమ్ముడి శుక్రవారం వాడికి తిరిగి ఇవ్వమని మామాను అడిగాను. నా జీవితంలో ధర తగ్గించమనకుండా అడిగింది అదొక్కటే. పండ్లు తీసుకుని, నవ్వి, ఇచ్చింది. ఆ ఏడు కప్పు టైర్ల షాపుకు కూడా రాలేదు. ఎవరి మీదా ఒక్క దినారు పెట్టని ఆఫీసు గుమాస్తాల జట్టు గెలిచింది. శుక్రవారమైనా శనివారమైనా పదకొండు మందీ వచ్చి నిలబడగలిగింది వాళ్ళే. నన్నడిగితే కప్పు గెలిచింది డబ్బు కాదు, క్యాలెండరు.

ఇప్పుడు డ్రైవర్ల చేతుల్లోనూ మొహం కనబడే ఫోన్లున్నాయి. పెళ్ళాం మొహం చూడటానికి ఎవరూ టైరు గాలి తీయనక్కర్లేదు, వంటింటినుంచి కారుదాకా రోజుకు పదిసార్లు కనబడుతూనే ఉంటారు. మంచిదే. మా తమ్ముడూ మరదలూ ఊళ్ళో ఆ స్లాబు కిందే ఏడు రోజులూ కలిసి ఉంటున్నారు, ఆరు రోజులు పోట్లాడుకుంటారని మా ఆవిడ చెబుతుంది. ఏడో రోజు ఏదో నేను అడగలేదు. వియ్యంకుడు ఆ బేస్‌బాల్ వార్త చదివి వెళ్ళిపోయాక, ఇన్నేళ్ళూ వాయిదా వేస్తూ వచ్చిన లెక్క ఒక కాగితం మీద వేసుకున్నాను. బంతులూ చొక్కాలూ బిర్యానీలూ ఎలాగూ అయ్యేవే, వాటిని వదిలేశాను. మామిడిపండ్లు రాయడానికి మనసొప్పలేదు.

మైదానం అద్దెలో మిగిలింది ఇరవై ఐదు. బౌలరుకు ముందే ఇచ్చి తగ్గించుకున్నది పదిహేను. ఫ్రిజ్ మీదినుంచి తీసుకున్నది అయిదు. మొత్తం నలభై ఐదు దినార్లు నాకు లాభం. దానికి పోయినవి పదకొండు శుక్రవారాలు, తుఫాను వారానిది ఇంకొకటి, మొత్తం పన్నెండు. దినారుకు వెయ్యి ఫిల్సులు కాబట్టి, భాగిస్తే శుక్రవారానికి మూడు దినార్ల ఏడువందల యాభై ఫిల్సులు పడింది. అంత తక్కువకు నేనెప్పుడూ ఏదీ అమ్మలేదు. అమ్మిన సరుకు నాది కాదు.